ఎర్రబస్సు: ఒక పరిశీలన

"ఎర్రబస్సు ఎక్కి వచ్చినవాడు" అని మన భాషలో ఒక మాట ఉంది. లోకం తెలియనివాడు, పల్లెటూరి బైతు అని దానికి అర్థం. నేను కళాశాలలో చేరిన మొదటి వారంలోనే హాస్టల్లో ఆ మాట పడ్డాను. అందులో అబద్ధమేమీ లేదు. నేను నిజంగానే ఎర్రబస్సు ఎక్కి వచ్చాను. రేకు పెట్టె బస్సు టాపు మీద, దుప్పటి చుట్ట నా ఒళ్లో, జేబులో నాన్న ఇచ్చిన డబ్బుల్లో చిల్లర పోను మిగిలినవి. మాది ఉపమాక. ఇప్పుడది అనకాపల్లి జిల్లా, నక్కపల్లి మండలం. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లా. గరుడాద్రి మీద వెలసిన వేంకటేశ్వరస్వామి పేరు మీద మా ఊరు నలుగురికీ తెలుసు. ఊరి పేరు చెప్పగానే మెస్సులో ఉప్మా మీద ఎన్ని హాస్యాలు పుట్టాయో మాత్రం ఇక్కడ రాయను.

విద్యార్థి సంఘం వారు వార్షిక సంచికకు వ్యాసం ఇమ్మని అడిగినప్పుడు వాణిజ్యశాస్త్రం చెప్పుకుని బతికేవాణ్ణి కనుక ఏ బ్యాంకుల జాతీయకరణ గురించో రాస్తానని వారు అనుకుని ఉంటారు. కానీ నాకు తెలిసిన జాతీయకరణ బస్సులది. ముప్పై అయిదేళ్లు తరగతిలో "ప్రభుత్వ రంగ సంస్థలు" అనే పాఠం చెబుతూ ఉక్కు ఫ్యాక్టరీనీ జీవిత బీమానూ ఉదాహరణగా తీసుకున్నాను. ఎదురుగా కూర్చున్న పిల్లల్లో సగంమంది జేబుల్లో ఉన్న బస్సు పాసు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ లోటు ఈ వ్యాసంలో తీర్చుకుంటాను.

బొగ్గుబస్సు

ముందుగా, ఆర్టీసీ లేని రోజులు ఎలా ఉండేవో చూడాలి. అది పుస్తకాల్లో కంటే మా తాత నోట విన్నది ఎక్కువ.

మా ప్రాంతం అప్పట్లో మద్రాసు రాజధానిలో భాగం. బస్సులన్నీ ప్రైవేటువే. 1939 మోటారు వాహనాల చట్టం ప్రకారం రూటుకు పర్మిట్టు తీసుకుని యజమానులు నడుపుకునేవారు. తాత చెప్పే కథలో బస్సు వెనక నిలువెత్తు ఇనప పీపా ఒకటి ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. పెట్రోలు రేషను. అందుకని కట్టెబొగ్గు కాల్చి, దాన్నుంచి వచ్చే వాయువుతో ఇంజను నడిపేవారు. క్లీనరు కుర్రాడు తెల్లవారుజామునే లేచి పంకా చేత్తో తిప్పుతూ నిప్పు రాజెయ్యాలి. అరగంటకో ముప్పావు గంటకో ఇంజను దగ్గు మొదలుపెట్టేది. ఎత్తు వస్తే మగవాళ్లంతా దిగి తొయ్యాలి. "టిక్కెట్టు కొన్నదీ మేమే, బస్సును మోసిందీ మేమే" అనేవాడు తాత.

ఆ బస్సుకు టైము అంటూ లేదు. నిండితే కదులుతుంది. నిండకపోతే యజమాని కాఫీ హోటల్లో రెండో కప్పు తాగుతాడు. తిరునాళ్లకు, పెళ్లిళ్ల రోజుల్లో చార్జీ నోటికి వచ్చినంత. వర్షాకాలంలో రోడ్డు బాగులేదని బస్సే రాదు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆ యజమానికి ప్రతి ప్రయాణీకుడూ పేరుతో తెలుసు. డబ్బు లేకపోతే పంటకు ఇమ్మనేవాడట. పురిటి నొప్పులు వస్తున్న మనిషి కోసం బస్సు వెనక్కి తిప్పిన సంగతి కూడా తాతే చెప్పాడు. ప్రైవేటు అంటే అంతా దోపిడీ, ప్రభుత్వం అంటే అంతా ధర్మం అని రాసేస్తే వ్యాసం సులభంగా అయిపోతుంది గానీ తాత ఒప్పుకోడు.

నిజాం రైలుశాఖలో పుట్టిన బిడ్డ

మన ఆర్టీసీ వంశవృక్షం మద్రాసు వైపు నుంచి కాక హైదరాబాదు వైపు నుంచి మొదలవుతుంది. 1930లో నిజాం ప్రభుత్వం తన రాజ్యంలోని రైళ్లను ఇంగ్లీషు కంపెనీ చేతి నుంచి కొని సొంతం చేసుకుంది. రెండేళ్లకు, 1932 జూన్‌లో, అదే రైలుశాఖ కింద రోడ్డు రవాణా విభాగం ఒకటి ఏర్పడింది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు, పెట్టుబడి 3 లక్షల 93 వేల రూపాయలు. బస్సులు స్కాట్లాండులో తయారైన ఆల్బియన్ కంపెనీవి. ఇండియాలో ఒక ప్రభుత్వం ప్రయాణీకుల బస్సులను తన చేతిలోకి తీసుకోవటం ప్రప్రథమంగా అక్కడే జరిగింది. లండను మహానగరంలో బస్సులన్నిటినీ ఒక ప్రభుత్వ బోర్డు కిందికి తెచ్చింది 1933లో. హైదరాబాదు ఆ విషయంలో ఏడాది ముందు ఉన్నది.

రైళ్లవాళ్లకు బస్సుల గొడవ ఎందుకు? ఇది కాస్త ఆలోచించవలసిన విషయం. ఆ దశకంలో దేశమంతటా రైలుకూ బస్సుకూ పోటీ మొదలైంది. బస్సు ఇంటి ముందుకు వస్తుంది, రైలు రాదు. రైలుపట్టాల మీద కోట్లు పోసినవారికి రోడ్డు మీద వచ్చే ఈ చిన్న బండి భయం పుట్టించింది. మిగతా చోట్ల బస్సులను అదుపు చెయ్యటానికి చట్టాలు చేస్తే, నిజాం రైలుశాఖ బస్సునే తనలో కలిపేసుకుంది. రైలు వెళ్లనిచోటికి బస్సు, బస్సు తెచ్చినవాణ్ణి అందుకోవటానికి రైలు. ఈనాటి అర్థశాస్త్ర పుస్తకాల్లో "సమన్వయ రవాణా" అనే పెద్ద మాట కనిపిస్తే దాని పక్కన 1932 అని పెన్సిలుతో రాసుకోండి.

నంబరు ప్లేటు మీద 'జడ్' అక్షరం గురించి ఒక కథ ఉంది. నిజాం తన తల్లి జెహ్రా బేగం పేరు బస్సులకు పెట్టాలని అనుకున్నాడనీ, అది కుదరక ఆమె పేరులోని మొదటి అక్షరం నంబర్లలో చేర్చాడనీ చెబుతారు. డ్రైవర్లు, కండక్టర్లు ఈ కథను ఎంతో ఇష్టంగా చెబుతారు. నేను చరిత్రగా కాదు, కథగానే చెబుతున్నాను. ఆర్టీసీ బస్సు నంబరులో జడ్ మాత్రం కంటికి కనిపించే నిజం.

నిజాం రాజ్యం పోయింది. రైళ్లు కేంద్రానికి వెళ్లాయి. 1951 నవంబరు 1న రోడ్డు రవాణా విభాగం హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వానికి వచ్చింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ పుట్టింది. అంటే తెలంగాణలో పాతికేళ్లుగా ఉన్న సర్కారీ బస్సు కోస్తాకు రావటానికి తెలుగువాళ్ల ఏకీకరణ జరగాల్సి వచ్చింది. మా తాత మాటల్లో, "నిజాం బస్సు కృష్ణ దాటింది."

బస్సు కోర్టుకెక్కింది

దాటటం అంత తేలిగ్గా కాలేదు. విద్యార్థులకు, ముఖ్యంగా న్యాయశాస్త్రం చదివే మిత్రులకు, ఈ ఘట్టం ఆసక్తిగా ఉంటుంది గనుక కొంచెం విపులంగా రాస్తాను.

1956లో మోటారు వాహనాల చట్టానికి ఒక కొత్త అధ్యాయం చేర్చారు. దాని ప్రకారం ప్రభుత్వ రవాణా సంస్థ ఏదైనా రూటును తానే నడపదలిస్తే ముందు ఒక పథకం ప్రకటించాలి. ఆ రూటులో బస్సులున్న యజమానులు అభ్యంతరాలు చెప్పుకోవచ్చు. ప్రభుత్వం వాళ్లను విని, ఆపైన పథకాన్ని ఆమోదించటమో మార్చటమో చెయ్యాలి. కోస్తాలో తొలి ప్రయత్నం కృష్ణా జిల్లాలో జరిగింది. బస్సు యజమానులు అభ్యంతరాలు చెప్పారు. వాటిని విన్నది రవాణా వ్యవహారాలు చూసే హోం శాఖ కార్యదర్శి. నిర్ణయం చేసింది ముఖ్యమంత్రి.

గుళ్లపల్లి నాగేశ్వరరావు, మరికొందరు యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1958 నవంబరులో వచ్చిన తీర్పు మన దేశ న్యాయచరిత్రలో నిలిచిపోయింది. మెజారిటీ తీర్పు రాసింది మన కోకా సుబ్బారావుగారే. రాజమండ్రివారు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి, తరువాత భారత ప్రధాన న్యాయమూర్తి. ఆ తీర్పు సారాంశం ఇది. పథకం తెచ్చిన శాఖకు పెద్దగా ఉన్న అధికారే దాని మీద అభ్యంతరాలు వింటే, వ్యాజ్యం వేసినవాడే తీర్పరి పీట మీద కూర్చున్నట్టు. పైగా విన్నది ఒకరు, తేల్చింది ఇంకొకరు. అలాంటప్పుడు వినటం ఒక తంతు తప్ప మరేమీ కాదు. పథకం కొట్టేశారు.

ప్రభుత్వం ఊరుకోలేదు. ఈసారి ముఖ్యమంత్రి స్వయంగా కూర్చుని అభ్యంతరాలు విన్నారు. యజమానులు మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1959లో ఆ రెండో కేసులో ప్రభుత్వం నెగ్గింది. శాఖలో భాగమైన కార్యదర్శి వేరు, విధానం నిర్ణయించే మంత్రి వేరు అని కోర్టు తేడా చూపింది. ఆ తేడా ఎంతవరకు సమంజసమో న్యాయశాస్త్ర విభాగంవారు ఈనాటికీ వాదించుకుంటారు. నాలాంటివాడికి అర్థమయ్యేది ఒక్కటి. కృష్ణా జిల్లాలో బస్సులు నడుపుకునే నలుగురు మనుషులు ప్రభుత్వాన్ని నిలదీశారు. ఇవాళ ఉద్యోగం పోయిన గుమాస్తా అయినా, లైసెన్సు రద్దయిన దుకాణదారు అయినా "నా మాట విన్నవాడే తేల్చాలి" అని అడగగలుగుతున్నాడంటే అందులో ఆ బస్సుల యజమానుల పాలు కొంత ఉంది. వాళ్లు చివరకు బస్సులు పోగొట్టుకున్నారు.

రెండో కథ ఇంకా పెద్దది. జిల్లా వెంట జిల్లాగా జాతీయకరణ సాగుతుండగా 1960ల మొదట్లో, ఏ జిల్లా తరువాత ఏ జిల్లా అనుకున్న వరస మధ్యలో మారి కర్నూలు జిల్లా రూట్లు ముందుకు వచ్చాయి. తమ రాజకీయ ప్రత్యర్థుల బస్సులు పోవాలనే ఉద్దేశంతో ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి ఇలా చేయించారని అక్కడి బస్సుదారులు ఆరోపించారు. 1964లో సుప్రీంకోర్టు ఆ పథకాలను కొట్టివేసింది. ఆరోపణలకు ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్టు దాఖలు చేసి జవాబు చెప్పకపోవటాన్ని కోర్టు గట్టిగా పట్టించుకుంది. ఆ ఫిబ్రవరిలో సంజీవరెడ్డిగారు పదవికి రాజీనామా ఇచ్చారు. కాసు బ్రహ్మానందరెడ్డిగారు ముఖ్యమంత్రి అయ్యారు. సంజీవరెడ్డిగారు తరువాత 1977లో రాష్ట్రపతి కూడా అయ్యారన్నది అందరికీ తెలిసిన సంగతే. బస్సు రూట్ల కేసులో ముఖ్యమంత్రి దిగిపోవటం ఇవాళ వింటే నమ్మబుద్ధి కాదు. ఇప్పటివాళ్లయితే అప్పీలు వేసి, పత్రికల వాళ్లతో మాట్లాడి, అదే కుర్చీలో కూర్చుంటారు.

రెండు మాటల చట్టం

చరిత్ర చాలు. ఇక ఈ సంస్థ ఏ నియమం మీద నడుస్తుందో చూద్దాం.

1950 చట్టంలో 18వ సెక్షను, సంస్థ విధి సమర్థమైన, చాలినంత, చౌకైన, సమన్వయం కలిగిన రవాణా ఏర్పాటు చెయ్యటమని చెబుతుంది. 22వ సెక్షను, సంస్థ వ్యాపార సూత్రాల మీద నడవాలని చెబుతుంది. ఒకే చట్టంలో నాలుగు సెక్షన్ల దూరంలో ఈ రెండు మాటలూ ఉన్నాయి. ఆర్టీసీ కష్టమంతా ఆ నాలుగు సెక్షన్ల మధ్యనే ఉందని నా అభిప్రాయం. ఇంకా విడ్డూరం, 30వ సెక్షను. లాభం వస్తే ప్రయాణీకుల సౌకర్యాలకు, కార్మికుల సంక్షేమానికి, విస్తరణకు వాడి, మిగిలింది రోడ్ల అభివృద్ధి కోసం రాష్ట్ర ప్రభుత్వానికి ఇవ్వాలట. మిగిలే రోజు వస్తుందని ఆ చట్టం రాసినవారు నిజంగానే నమ్మారు.

ఒక లెక్క వేద్దాం. అంకెలు నేను ఊహించినవి, సూత్రం మాత్రం డిపోలో రోజూ వాడేదే. బస్సుకు 50 సీట్లు. కిలోమీటరు నడపటానికి డీజిలు, జీతాలు, టైర్లు, పన్ను అన్నీ కలిపి 40 రూపాయలు ఖర్చు అనుకోండి. ప్రయాణీకుడు కిలోమీటరుకు 1 రూపాయి ఇస్తాడనుకోండి. అంటే ఎప్పుడు చూసినా బస్సులో 40 మంది ఉంటేనే ఖర్చులు సరిపోతాయి. దీన్నే ఆక్యుపెన్సీ రేషియో 80 శాతం అంటారు. ఇప్పుడు ఒక పల్లె రూటు తీసుకుందాం. పొద్దున్న పట్నం వైపు 60 మంది, నిలబడినవాళ్లతో సహా. తిరుగు బస్సులో పదిమంది. మళ్లీ సాయంత్రం పట్నం నుంచి 60, తిరుగులో పది. సగటు 35. కిలోమీటరుకు 5 రూపాయలు నష్టం. పొద్దున్న బస్సులో ఊపిరాడక నిలబడ్డ కాలేజీ కుర్రాడు "ఇంత రద్దీగా ఉంటే నష్టం ఎలా వస్తుందండీ?" అని అడుగుతాడు. అతను తిరుగు బస్సు చూడలేదు.

ప్రైవేటువాడైతే పొద్దున్న, సాయంత్రం రద్దీ ఉన్న ట్రిప్పులే నడుపుకుంటాడు. లేదా ఆ రూటు వదిలేసి హైవే మీదకు వెళతాడు. సర్కారు బస్సు అలా చెయ్యరాదు. హైవే మీద ఎక్స్‌ప్రెస్సులు సంపాదించింది పల్లె రూట్లలో ఖర్చుపెట్టాలి. పెద్దకొడుకు పట్నంలో ఉద్యోగం చేసి ఇంటికి డబ్బు పంపినట్టు. జాతీయకరణకు అసలు సమర్థన ఇదే. లాభం రూట్లు కూడా తన చేతిలో లేకపోతే నష్టం రూట్లు నడపటానికి సంస్థకు చేతిలో ఏమీ ఉండదు. 1988లో కొత్త మోటారు వాహనాల చట్టం వచ్చి పర్మిట్లు తేలిక చేసినా జాతీయకరణ రూట్ల రక్షణ మిగిలింది. కాంట్రాక్టు క్యారేజి పర్మిట్టు తీసుకుని, టిక్కెట్టు బస్సులాగా రాత్రిపూట హైదరాబాదుకు తిరిగే ప్రైవేటు లగ్జరీలు ఆ పెద్దకొడుకు జీతాన్నే కొరుకుతున్నాయి. ఇటు పల్లె రోడ్ల మీద సర్వీసు ఆటోలు చిన్నకొడుకు కంచంలోవి తీసుకుంటున్నాయి.

డిపో లోపల ఏం జరుగుతుందో మనకు పట్టదు. ఒక్కో బస్సు లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు ఇచ్చిందో, కిలోమీటరుకు ఎంత రాబడి తెచ్చిందో ప్రతిరోజూ రాస్తారు. రెండు బస్సులు ఒకే రూటు, ఒకే వయసు అయినా ఒక డ్రైవరు చేతిలో లీటరుకు పావు కిలోమీటరు ఎక్కువ వస్తుంది. గేరు ఎప్పుడు మార్చాలో, బ్రేకు ఎప్పుడు వెయ్యకుండా ఉండాలో తెలిసినవాడు అతను. పాత టైరుకు మళ్లీ తొడుగు వేసే షాపులు, బస్సు బాడీలు కట్టే కార్ఖానాలు, మన విజయనగరంలో ఉన్నటువంటి జోనల్ వర్కుషాపులు సంస్థకు సొంతంగా ఉన్నాయి. ఇక నైట్‌హాల్టు బస్సు సంగతి. రాత్రి ఆఖరి ట్రిప్పుకు ఏదో పల్లెకు వెళ్లి, డ్రైవరూ కండక్టరూ బస్సులోనే పడుకుని, తెల్లవారి తొలి ట్రిప్పుగా తిరిగి రావటం. డిపో నుంచి తెల్లవారుజామున ఖాళీగా బస్సు పంపే ఖర్చు తప్పుతుంది, ఊరికి తొలి బస్సు దొరుకుతుంది. ఇది కనిపెట్టినవాడికి నేనైతే డాక్టరేటు ఇస్తాను.

ఆ బస్సులో మనుషులే కాదు. పాలక్యాన్లు, పత్రికల కట్టలు, జీడిపిక్కల బస్తాలు, టూరింగు టాకీసుకు వెళ్లే సినిమా రీళ్ల పెట్టెలు. పెట్టె రాకపోతే ఆ రాత్రి ఊళ్లో ఆట లేదు. నక్కపల్లి రోడ్డు మీద పెట్టె కోసం ఎదురుచూసిన కుర్రాళ్లలో నేనూ ఒకణ్ణి. 1999లో ప్రపంచంలోకెల్లా ఎక్కువ బస్సులున్న సంస్థగా మన ఆర్టీసీ గిన్నిస్ పుస్తకానికెక్కింది. 18 వేలకు పైగా బస్సులు. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ రీళ్ల పెట్టే గుర్తుకొచ్చింది.

మా పెద్దక్క చదువు

ఇప్పుడు ఈ వ్యాసం రాయటానికి అసలు కారణం చెబుతాను.

మా పెద్దక్క నాకంటే చదువులో చురుకు. పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. ఇంటర్మీడియెట్‌కు రోజూ బస్సు మీద వెళ్లి రావాలి. రాయితీ పాసు తీశారు. ఫోటో అంటించి, ముద్ర వేసిన ఆ అట్టముక్కను అక్క బీరువాలో దేవుడి పటం పక్కన పెట్టేది. బస్సు రోజూ వచ్చేది. చిక్కల్లా నక్కపల్లిలో దిగాక. అక్కడ హైవే. మా ఊరు లోపలికి రెండు మైళ్లకు కాస్త అటూ ఇటూ. డిసెంబరులో ఆరుగంటలకే చీకటి. అమ్మ లాంతరు పట్టుకుని సగం దారి ఎదురు వెళ్లేది. ఒకరోజు అమ్మకు జ్వరం. అక్క ఒక్కతే నడిచి వచ్చింది. ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదనే అక్క చెప్పింది. కానీ ఊళ్లో నలుగురూ నాలుగు మాటలన్నారు. "ఏటి నాయనా, ఆడపిల్లని సీకట్లో అంత దూరం నడిపిస్తన్నావు?" అని ఒక పెద్దాయన నాన్నను వీధిలోనే అడిగాడు. సంక్రాంతి తరువాత అక్క కాలేజీకి వెళ్లలేదు.

మూడేళ్ల తరువాత అదే దారిలో, అదే చీకటిలో నేను నడిచాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఈల వేసుకుంటూ వచ్చేవాణ్ణి.

రవాణా పుస్తకాల్లో "చివరి మైలు" సమస్య అని ఒకటి చదివి, పిల్లలకు చెబుతూ వచ్చాను. సరుకు ఓడరేవు నుంచి వేల మైళ్లు చవగ్గా వచ్చి, చివరి మైలు దగ్గర ఖరీదైపోతుందని దాని భావం. సరుకు సంగతి నాకు తెలియదు. మా ఇంట్లో మాత్రం ఆ చివరి మైలు ఖరీదు ఒక మనిషి డిగ్రీ. కనుక ఏ రూటుకైనా "రాబడి లేదు" అని కాగితం మీద రాసినప్పుడు ఆ రాబడి గడిలో ఏమేమి రాయలేదో కూడా చూడాలని నా వాదన. ఆ గడిలో పట్టేది టిక్కెట్టు డబ్బు ఒక్కటే. ఒక పిల్ల చదువు, ఆసుపత్రికి సకాలంలో చేరిన ముసలాయన, సంతలో మంచి ధర వచ్చేదాకా ఆగగలిగిన రైతు, ఇవి దేంట్లోనూ పట్టవు. అలాగని నష్టాలన్నిటికీ ఇదొక్కటే జవాబుగా చెప్పటం కూడా అన్యాయమే. సేవ పేరు మీద సోమరితనం దాక్కోవటం మన ప్రభుత్వ రంగంలో లేదని నేను అనను.

విడిపోవటం, కలిసిపోవటం

2014లో రాష్ట్రం రెండయింది. 2015లో బస్సులు, డిపోలు, ఉద్యోగులు పంచుకుని తెలంగాణ ఆర్టీసీ విడిగా నడవటం మొదలైంది. 1932లో హైదరాబాదులో పుట్టిన సంస్థకు ఆంధ్ర వైపు కేంద్ర కార్యాలయం విజయవాడకు, నెహ్రూ బస్ స్టేషను ఆవరణలోకి, మారింది.

2020 జనవరి 1న ఇంకొక మలుపు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 52 వేల మంది ఆర్టీసీ ఉద్యోగులను ప్రజా రవాణా శాఖ పేరుతో ప్రభుత్వంలో కలిపారు. కార్మికుల చిరకాల కోరిక అది. ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన సూక్ష్మం ఉంది. కలిసింది ఉద్యోగులు. బస్సులు, స్థలాలు, అప్పులతో సంస్థ అలాగే ఉంది. జీతం ప్రభుత్వానిది, బస్సు కార్పొరేషనుది. జీతాల భారం తగ్గిన మాట నిజం. మరి పాతబడ్డ బస్సు స్థానంలో కొత్త బస్సు కొనేది ఎవరు? అద్దె బస్సుల పద్ధతి ముందునుంచీ ఉంది. బస్సు, డ్రైవరు ప్రైవేటు యజమానివి, కండక్టరు, రూటు ఆర్టీసీవి. 2022 నుంచి తిరుమల కొండమీదకు నడుస్తున్న విద్యుత్ బస్సులు కూడా కిలోమీటరుకు ఇంత అని కంపెనీకి చెల్లించి తిప్పేవే. 1958లో యజమానుల చేతినుంచి బస్సును తీసుకోవటానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సంస్థ, ఇప్పుడు యజమానుల దగ్గర బస్సు అద్దెకు తీసుకుంటున్నది. తప్పని అనను. కానీ మా తాత ఉంటే నవ్వేవాడు.

2023 డిసెంబరులో తెలంగాణలో, 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో మన రాష్ట్రంలో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. మన దగ్గర పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులకు ఇది వర్తిస్తుంది. ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టిక్కెట్టు కొట్టి ఇస్తాడు. ఆ సున్నా ముఖ్యం. ఎంతమంది ఎక్కారో, ఎంత దూరం వెళ్లారో ఆ సున్నాల్ని లెక్కపెట్టే ప్రభుత్వం సంస్థకు సొమ్ము కట్టాలి. నేను ముందు చెప్పిన గడిలో, రాయకుండా వదిలేసిన దానికి మొదటిసారిగా ఒక అంకె పడింది. ఆ అంకెకు తగిన డబ్బు నెలనెలా సకాలంలో అందితే సంస్థ నిలుస్తుంది, లేకపోతే బస్సులు తగ్గి సున్నా టిక్కెట్టు చేతిలో పట్టుకుని రోడ్డు మీద నిలబడటమే. ఆటోలవాళ్ల బేరం పడిపోయింది. 2025 అక్టోబరులో ప్రభుత్వం ఆటో డ్రైవర్లకు తలా 15 వేల రూపాయల సాయం ఇచ్చింది. నక్కపల్లి నుంచి మా ఊరికి ఇప్పుడు ఆటోలున్నాయి. ఆ చివరి మైలు వాళ్లదే. వాళ్లు బతకాలి, బస్సూ బతకాలి. ఈ లెక్క నాకు ఇంకా తేలలేదు. వాణిజ్య విభాగం పిల్లలు ఎవరైనా ప్రాజెక్టుగా తీసుకుంటే నా దగ్గరున్న కాగితాలు ఇస్తాను.

మొన్న ఫాల్గుణంలో స్వామివారి కల్యాణానికి ఊరు వెళ్లాను. తిరుగు ప్రయాణంలో అక్కను అనకాపల్లి కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లటానికి నక్కపల్లిలో ఇద్దరం బస్సెక్కాం. జనం బాగా ఉన్నారు. ఒక కాలేజీ పిల్ల లేచి అక్కకు చోటిచ్చింది. కండక్టరు నాకు డబ్బుల టిక్కెట్టు, అక్కకు సున్నా టిక్కెట్టు ఇచ్చాడు. అక్క ఆ చీటీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, మడిచి, పర్సులో లోపలి అరలో పెట్టుకుంది.

"ఇది దాస్తే ఏం వస్తుందే?" అన్నాను.

"పాసు కూడా దాచాను కదరా" అంది.

అడ్డురోడ్డులో చాలామంది దిగారు. కండక్టరు "రైట్" అన్నాడు. లేచి చోటిచ్చిన పిల్ల అక్క పక్కన కూర్చుని పుస్తకం తీసింది.